పళ్ళెం నుంచి చెరువు దాక: బతుకమ్మను విప్పి చూద్దాం

(బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు ముందు ఒక జిల్లా గ్రంథాలయంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని ఎక్కించినం. తడబాట్లు మాత్రమే తీసేసినం.)

అందరికీ నమస్కారం. అమ్మలు, అక్కలు, చెల్లెండ్లు... ఆ ఎనక గోడకు ఆనుకొని నిలబడ్డ తమ్ముళ్ళు, ముందుకు రాండ్రి, కుర్చీలు ఖాళీగనే ఉన్నయి. పూలు తెచ్చేది మీరే గద, మీరు వినకపోతే ఎట్ల?

నాకిచ్చిన అంశం "మన సంస్కృతిలో పండుగల ప్రాముఖ్యం". ఈ అంశం మీద గంటసేపు మాట్లాడొచ్చు, ఏమీ చెప్పకుండనే మాట్లాడొచ్చు. ఐకమత్యం అనొచ్చు, సంప్రదాయం అనొచ్చు, ఆనందం అనొచ్చు. ఏ పండుగకైనా అతుకుతయి ఆ మాటలు. అందుకే నేను ఆ తోవ పట్టను. ఒక్క పండుగను తీసుకొని, పళ్ళెంలో పరిచే మొదటి ఆకు కాడ నుంచి చెరువుల వదిలేదాక విప్పి చూపిస్త. ప్రాముఖ్యం ఎక్కడుందో మీరే చూసుకోండ్రి.

ముందుగాల ఒక్క ప్రశ్న. ఈ హాల్లో బతుకమ్మ ఆడినోళ్ళెవరో చేతులెత్తండ్రి. అందరూ. మంచిది. ఇప్పుడు ఎవరి సాయం లేకుండ, ఖాళీ పళ్ళెం నుంచి శిఖరం దాక ఒంటరిగ బతుకమ్మ పేర్చగలిగినోళ్ళు? చూసిన్రా, ఎన్ని చేతులు దిగిపోయినయో. ఇయ్యాల మనం మాట్లాడుకోవాల్సింది ఆ దిగిపోయిన చేతుల గురించే.

బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు మొదలైతది. మనం పెత్రమాస అంటం. ఆ రోజు ఎంగిలిపూల బతుకమ్మ. తొమ్మిదో రోజు, దుర్గాష్టమి నాడు, చివరిదైన సద్దుల బతుకమ్మ. వేములవాడ లాంటి కొన్ని చోట్ల ఏడు రోజులకే సద్దులు చేస్తరు. బతుకమ్మకు ముందు తొమ్మిది రోజులు పెండ్లికాని ఆడపిల్లలు బొడ్డెమ్మ ఆడుతరు. పుట్టమన్నుతోని పీట మీద మెట్లు మెట్లుగ కట్టి, పూలు గుచ్చి, దాని చుట్టూ తిరుగుతరు. గమనించండ్రి, ఇది శిక్షణ. మట్టితోని మెట్లు కట్టుడు వచ్చిన పిల్లకు పూలతోని మెట్లు కట్టుడు కష్టం గాదు. కింద వెడల్పు, మీదికి పోంగ సన్నం అన్న లెక్క చెయ్యికి ముందే తెలుస్తది. బొడ్డెమ్మ ఆడుడు మానేసిన ఊళ్ళల్లోనే బతుకమ్మ పేర్చుడు రాని పిల్లలు ఎక్కువ. ఇది యాదృచ్ఛికం అని నేననుకోను.

ఇగ పూల దగ్గరికి వస్త. ఈ పండుగ ఈ నెలల్నే ఎందుకొస్తది? వానకాలం పోతాంది. చెరువులు నిండి ఉన్నయి, వాన బాగ పడిన ఏడాదైతే మత్తడి (నిండిన నీళ్ళు పొర్లే చోటు) దుంకుతున్నయి. మక్క కోతకు వచ్చింది, జొన్న ఇంకా నిలబడి ఉంది. చెల్క (మెట్ట చేను) గట్ల మీద, బీడు భూముల్ల ఎవరూ విత్తకుండ, ఎవరూ నీళ్ళు పెట్టకుండ పూసే పూలు పూసినయి. బతుకమ్మకు అవే కావాలె. గుడిలో దేవునికి మల్లె, గులాబీ, తోటపూలు కావాలె. బతుకమ్మకు గునుగు, తంగేడు. పొలంలో కలుపు అని పీకేసే మొక్క గునుగు. మేక గూడ అంతగ ముట్టని పొద తంగేడు. ఈ రెండింటినీ తెచ్చి తాంబాలంల పెట్టి మొక్కే పండుగ ఇది. రైతు గీసిన కలుపు–పంట గీతను తొమ్మిది రోజులు చెరిపేస్తది.

తంగేడును 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగ ప్రకటించిన్రు. సంతోషం. కానీ పొద ఎక్కడుంది? తంగేడు రాళ్ళనేలల్ల, మొరం నేలల్ల, నీళ్ళు నిలవని చోట పెరుగుతది. దాని బెరడుతోని తోళ్ళు పదునుపెట్టేది ఒకప్పుడు. ఆ మొరం గుట్టలే ఇయ్యాల ప్లాట్లయినయి, క్రషర్లయినయి. గునుగు సంగతి ఇంకోటి. జొన్న, మక్క, పసుపు చేన్లల్ల తనంత తానే మొలిచేది. లేత ఆకు కూరొండుకునేది. ఇప్పుడు చేను చేనంత పత్తి, పత్తిల కలుపు మందు. మందు కొట్టిన చేన్ల గునుగు ఎట్ల మొలుస్తది? అందుకే పట్నంల గునుగు కట్ట కొనాల్సి వస్తాంది. ఊరోళ్ళు పొద్దుగాల బస్సుకు మూటలు తెచ్చి రోడ్డు పక్కన అమ్ముతున్నరు. అమ్ముకోనీ, తప్పేం లేదు, నాలుగు పైసలొస్తయి. కానీ ఆ మూట రేటు పెరిగినప్పుడల్లా, మన ఊరి చుట్టూ మందు కొట్టని నేల తగ్గింది అని లెక్కేసుకోండ్రి.

ఈ రెండు పూల గుణాలు పూర్తిగ వేరు. ఇది మంచిగ వినండ్రి, పేర్చేటప్పుడు పనికొస్తది. గునుగు పువ్వు పుట్టుకతోనే కాగితం లెక్క పొడిగ ఉంటది. కోసి నాలుగు రోజులు పెట్టినా రూపు చెడదు, అద్దితే రంగు పడ్తది, కాడ గట్టిగ ఉంటది. బతుకమ్మకు అదే ఒళ్ళు. తంగేడు అట్ల గాదు. రెక్కలు పలుచన. ఎండ తగిలితే రాలిపోతయి. దాన్ని పేర్చే రోజు పొద్దుగాలనే కోయాలె, కొమ్మ కొసతో సహా కోయాలె, తడిగుడ్డ చుట్టి నీడకు పెట్టాలె. రాత్రే కోసి ప్లాస్టిక్ సంచిల మూతికట్టి పెడ్తరు కొందరు. పొద్దున సంచి విప్పంగనే రెక్కలన్నీ అడుగున ఉంటయి, ఆవిరి పట్టి నల్లబడి ఉంటయి. బట్ట మూటలనో, గాలాడే గంపలనో పెట్టాలె.

రంగులు. గునుగు తెల్లగ, కొసన కొంచెం గులాబీ ఛాయతో ఉంటది. దానికి రంగు అద్దుతరు. ముందు కాడలు సమానంగ కోసుకోవాలె. పువ్వు కింద నాలుగు వేళ్ళ కాడ ఉంచితే చాలు. పిడికెడు పిడికెడు తీసుకొని, పువ్వులన్నీ ఒక్క ఎత్తుకు వచ్చేటట్లు నేల మీద తట్టి, దారంతోని కట్టాలె. పెద్ద గిన్నెల రెండు లీటర్ల నీళ్ళు మసల కాగినంక చిన్న చెంచాడు రంగు వేసి, కట్టను తలకిందులుగ పట్టి పువ్వు మాత్రమే మునిగేటట్లు ముంచి తియ్యాలె. కాడ ముంచొద్దు. కాడ నీళ్ళు పీల్చుకుంటే రెండు రోజులకు మెత్తబడి వంగుతది. తీసిన కట్టను దులిపి, నీడకు ఒక రాత్రంతా ఆరబెట్టాలె.

ఇక్కడనే ఎక్కువమంది తప్పు చేస్తరు. పొద్దున రంగు వేసి, మధ్యాహ్నం పేరుస్తరు. పైకి ఆరినట్లే ఉంటది, లోపల తడి ఉంటది. ఆ తడి రంగు కింది వరుసల తంగేడు మీదికి దిగుతది. సాయంత్రానికి పచ్చటి తంగేడు మీద ఎర్రటి చారలు. ముందురోజే రంగు వేసుకోండ్రి. రసాయన రంగు వద్దనుకుంటే పసుపు నీళ్ళు కాచి ముంచండ్రి, మంచి పసుపు రంగు వస్తది. అదే పసుపు నీళ్ళల్ల కొంచెం సున్నం కలిపితే ఎర్రబడ్తది. కుంకుమ చేసేది గూడ అట్లనే గద. ఈ రంగు ముదురుగ రాదు, రెండో రోజుకు వెలిసిపోతది. కానీ బతుకమ్మ రెండో రోజు దాక ఉండేది గాదు. ఒక్క పూటకు ఆ రంగు సరిపోతది. హోలీ రంగులు మాత్రం ముట్టుకోవద్దు. చేతులకే పోవు, చెరువుల ఎట్ల పోతయి?

సరే, పేరుద్దాం. తాంబాలం కావాలె, ఇత్తడిదైనా స్టీలుదైనా. వెదురు శిబ్బి అయితే ఇంకా మంచిది, నీళ్ళు నిలవవు, బరువు తక్కువ. రోజువారీ బతుకమ్మకు జానెడున్నర వెడల్పు పళ్ళెం చాలు. దాని మీద గుమ్మడాకులు పరవాలె, ఆకు అంచు పళ్ళెం దాటి బయటికి కనపడాలె. గుమ్మడాకే ఎందుకు? వెడల్పు ఉంటది, గరుకు ఉంటది. గరుకు ఉంటేనే మీది పూలు జారవు. అరిటాకు పరుస్తరు కొందరు, చూడ్డానికి బాగుంటది. నున్నటి ఆకు. నెత్తి మీద పెట్టుకొని నడిస్తే బతుకమ్మ మొత్తం ఒక పక్కకు జరిగిపోతది.

మొదటి వరుస తంగేడు. పువ్వు బయటికి, కాడ లోపలికి. ఒకదాని పక్కన ఒకటి సందు లేకుండ, గుండ్రంగ. రెండో వరుస గునుగు. తర్వాత బంతి, కట్లపూలు, పట్టుకుచ్చులు, గోరింటపూలు, మీకు దొరికినవి. ప్రతి వరుస కింది వరుస కన్నా వేలు మందం లోపలికి జరగాలె. అది ఎక్కువ జరిగితే బతుకమ్మ పొట్టిగ, కప్పిన గంప లెక్క అయితది. అసలు జరగకపోతే స్తంభం లెక్క లేచి కూలుతది.

ఇప్పుడు అసలు రహస్యం చెప్త. బతుకమ్మ అందం బయట ఉంటది, బలం నడుమ ఉంటది. ప్రతి వరుస వేసినంక నడుమ ఖాళీని గునుగు కాడల ముక్కలు, తంగేడు ఆకు తరిగి నింపాలె. నింపి అరచేతితో ఒత్తాలె. ఎంత ఎత్తుకు? బయటి పూల కాడలతో సమానంగ. నడుమ తక్కువైతే పూలు లోపలికి వంగి మూతి ముడుచుకుంటయి. ఎక్కువైతే కాడలు లేచి పూలు బయటికి తలవంచుతయి, నడుస్తాంటే ఒక్కొక్కటి రాలుతయి. దారి పొడవునా పూలు రాలిన బతుకమ్మ చూసిన్రా? దానికి నడుమ ఎక్కువైంది అని అర్థం. నింపుడు ఆకు తడిగ ఉండొద్దు. తడి ఆకు సాయంత్రానికి వాడి కుంగుతది, బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతది. ఎక్కడ ఎండ తగిలిందో ఆ పక్కకే ఒరుగుతది, చూడండ్రి కావాలంటే.

రెండు మూడు వరుసలకోసారి సన్నటి నూలు దారం అడ్డంగ, నిలువుగ చుట్టి ముడెయ్యాలె. మీద వరుస వస్తది కాబట్టి దారం కనపడదు. బంతి బరువు పువ్వు, దాన్ని కింది సగంలనే వాడాలె. మీద బంతి పెడితే తల బరువై ఊగుతది. పైకి పోయేకొద్దీ తేలికవి, గడ్డిపూలు, చిన్న కట్లపూలు పెట్టాలె. ఎత్తు ఎంత? పళ్ళెం వెడల్పుకు ఒకటిన్నర రెట్లు దాటొద్దు. దాటితే ఒక్క మనిషి ఎత్తలేదు. శిఖరం మీద గుమ్మడిపువ్వు, అందులో పసుపు గౌరమ్మ. పక్కన చిన్న బతుకమ్మ ఇంకొకటి పేర్చాలె, తోడు. పెద్ద బతుకమ్మ చేసిన చేతులు అమ్మవి, తోడు బతుకమ్మ చేసిన చేతులు బిడ్డవి. నేర్పుడు అట్ల జరిగేది. ఎవరూ పాఠం చెప్పలే.

గౌరమ్మను చేసుడు చాలా తేలిక. పసుపుల నీళ్ళు కొంచెం కొంచెం చల్లుతూ ముద్ద చేసి, కొస తేలేటట్లు ఒత్తి, కుంకుమ బొట్టు పెట్టాలె. అంతే. నీళ్ళు ఎక్కువైతే పగుళ్ళు వస్తయి. ఇక్కడ ఒక్క మాట. ఇందులో పంతులు ఎక్కడున్నడు? మంత్రం ఎక్కడుంది? లేదు. ప్రాణప్రతిష్ఠ చేసేది ఆ ఇంటి ఆడమనిషి చెయ్యే. పొద్దున మొదలుపెట్టిన దేవతను సాయంత్రం నీళ్ళల్ల వదిలేస్తది, రేపు మళ్ళ చేస్తది. గుడి కట్టలే, కాబట్టి గుడికి ధర్మకర్తలు లేరు, హుండీ లేదు. మన పండుగల్ల ఇంత పెద్దది, ఇంత యజమాని లేనిది ఇంకొకటి చెప్పండ్రి నాకు.

ఆట. సాయంత్రం బతుకమ్మలన్నీ నడుమ పెట్టి చుట్టూ తిరుగుతరు. వాయిద్యం లేదు, చప్పట్లే. ఒంటి చప్పట్లు, రెండు చప్పట్లు, మూడు చప్పట్లు. అడుగేసి, వంగి, చప్పట్లు కొట్టి లేస్తరు. ఒక్కామె పాట ఎత్తుకుంటది. ఒక పాదం రెండు ముక్కలు, ముక్క చివర "ఉయ్యాలో" అనో "చందమామ" అనో వస్తది. ఆ పల్లవి ముక్క అందరూ అందుకుంటరు. ఎందుకట్ల? పాట మొత్తం రానోళ్ళు గూడ కలవాలె కదా! పల్లవి అందరిది, కథ పాడేటామెది. అందరూ పల్లవి పాడేలోపు ఆమెకు తర్వాతి ముక్క గుర్తుచేసుకునే సమయం దొరుకుతది. రాగం కథను మోస్తది కాబట్టి గంట పాటయినా సాగుతది. ధర్మాంగద రాజు కథ, రామాయణంల సీత కష్టాలు, అత్తింటి ముచ్చట్లు, కరువు, చెరువు తెగిన సంగతి, అన్నీ అందులో పట్టినయి. తెలంగాణ సాయుధ పోరాట కాలంల అదే రాగంల పోరాట పాటలు పాడిన్రు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంల రోడ్ల మీద బతుకమ్మ ఆడిన్రు. రాగం మారలే, మాట మారింది. చదువు రాని ఆడవాళ్ళ చేతిల చరిత్ర రాసుకునే పుస్తకం అది.

ఇప్పుడేం అయితాంది? డీజే వస్తాంది. డీజే తప్పని నేననను, పిల్లలకు ఉత్సాహం ఉంటది. కానీ ఒక్కటి చూడండ్రి. డీజే పెట్టంగనే వేగం పెరుగుతది. వంగి లేచే అడుగు పోయి ఎగిరే అడుగు వస్తది. అరవై ఏండ్ల ఆమె మోకాళ్ళు ఆ వేగాన్ని తట్టుకోవు. ఆమె పక్కకు పోయి కుర్చీల కూసుంటది. పాటలు వచ్చింది ఆమెకే. అంటే ఏమైంది? పాట తెలిసిన మనిషిని గుంపుల నుంచి బయటికి పంపినం. పోనీ మైకు పెట్టాలె అంటే ఆ పెద్దామెకు పెట్టండ్రి. గుంపు ముప్ఫై నలభై మందిని దాటితే ఎదురుగ ఉన్నోళ్ళకు గొంతు వినపడదు, చప్పట్లు తప్పుతయి. అప్పుడు రెండు గుంపులు చెయ్యండ్రి, లేకపోతే వలయంలో వలయం చెయ్యండ్రి. అంతేగానీ స్పీకర్లు పెంచుకుంట పోవద్దు.

ఇంకొక మాట చెప్పకపోతే ఈ ప్రసంగం అబద్ధమైతది. ఊరు ఊరంతా ఒక్క చోట కలిసి ఆడింది అని మనం రాసుకుంటం, చెప్పుకుంటం. చాలా ఊళ్ళల్లో వాడకొక గుంపు ఉండేది. దళితవాడ బతుకమ్మ వేరే చోట, వేరే రేవు. ఇప్పటికీ ఉన్న చోట్లు ఉన్నయి. పువ్వుకు కులం లేదు, తంగేడు పొద అందరికీ ఒక్కటే, కానీ రేవు ఒక్కటి గాలే. పండుగ గొప్పతనం చెప్పేటప్పుడు ఇది దాచిపెడితే, రేపు ఆ రేవును ఎవరు కలుపుతరు? మీ ఊళ్ళె ఈ ఏడాది గుంపులు ఎన్ని ఉన్నయో, ఎవరివో చూసి రాండ్రి. చూడ్డం నుంచే మొదలైతది.

తిండి గురించి ఎక్కువ చెప్పను, ఆకలైతది మీకు. మొదటి నాడు నువ్వులు, నూకలు. తర్వాత అటుకులు, ముద్దపప్పు, నానబెట్టిన బియ్యం, అట్లు. ఆరో నాడు అలిగిన బతుకమ్మ, ఆ రోజు నైవేద్యం లేదు, ఆట లేదు. ఏడో నాడు బియ్యంపిండిని వేపకాయలంత చేసి వేయిస్తరు, ఎనిమిదో నాడు నువ్వులు, వెన్న, బెల్లం ముద్దలు. చివరినాడు సద్దులు, అంటే కలిపిన అన్నాలు: పెరుగు సద్ది, చింతపండు సద్ది, నిమ్మకాయ సద్ది, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది. ఇవి గాక మలీద (రొట్టె, బెల్లం కలిపి చేసే ముద్దలు), సత్తుపిండి. సత్తుపిండి చెడిపోతాందని చాలామంది అంటరు, అందుకే దాని గురించి చెప్త. మక్కలు సన్న సెగ మీద గింజ లోపల దాక వేగాలె. పైకి మాడి లోపల పచ్చిగ ఉంటే మూడో రోజుకు వాసన వస్తది. పూర్తిగ చల్లారినంకనే విసరాలె, వేడిమీద విసిరితే ఆవిరి పిండిల మిగులుతది. రెండు పాళ్ళ పిండికి ఒక పాలు బెల్లం, పొడి బెల్లమే. నీరుకారే బెల్లమైతే ముద్దకట్టి పులుస్తది. సత్తుపిండి చెరువు కట్ట మీద పంచుకునేది కాబట్టి దాన్ని పొడిగనే ఉంచిన్రు, తడి చెయ్యి అవసరం లేకుండ.

ఇగ చెరువు. రామప్ప, లక్నవరం, పాకాల, ఇవన్నీ కాకతీయుల కాలంల కట్టినయి. ఒకటి నిండితే ఇంకొకదానికి నీళ్ళు పోయే గొలుసుకట్టు చెరువులున్న నేల ఇది. బతుకమ్మ ఆ నీళ్ళ దగ్గరికి ఊరంతా నడిచిపోయే రోజు. ఒక్కసారి ఆలోచించండ్రి, అలిగిన నాడు తీసేస్తే ఏడాదికి ఎనిమిది సాయంత్రాలు ఊరి ఆడవాళ్ళంతా చెరువు కట్ట మీద ఉంటరు. కట్ట ఎక్కడ కుంగింది, తూము దగ్గర ఏం అడ్డం పడింది, శిఖం (చెరువు నీళ్ళు నిలిచే నేల) ఎవరు ఆక్రమించిన్రు, అన్నీ కండ్ల పడ్తయి. ఏ అధికారి తనిఖీ గూడ అంతమంది కండ్లతోని జరగదు.

వదిలే పద్ధతి. మొదట శిఖరం మీది గౌరమ్మను తీసి పక్కకు పెట్టుకోవాలె. పళ్ళెం నీటి మట్టానికి దించి, ఒక పక్కకు కొంచెం వంచి, కింది గుమ్మడాకులతో సహా నెమ్మదిగ జరపాలె. ఎత్తు నుంచి పడేస్తే విడిపోతది. ఆకుల మీద జారితే నిలువుగనే తేలి పోతది. తర్వాత గౌరమ్మ పసుపును పుస్తెలకు, చెంపలకు రాసుకొని, పళ్ళెంల సత్తుపిండి పెట్టి "ఇస్తినమ్మ వాయినం", "పుచ్చుకుంటినమ్మ వాయినం" అనుకుంట పంచుకుంటరు. చీకట్ల రేవు మెట్లు పాకుడు పట్టి ఉంటయి. ఎవరూ చెప్పని సంగతి ఇది. మెట్లకు ముందు రోజే ఇసుక చల్లించండ్రి, ఈత వచ్చినోళ్ళిద్దరిని తాడుతోని నీళ్ళల్ల నిలబెట్టండ్రి, చిన్నపిల్లలను కట్ట మీదనే ఉంచండ్రి.

పూలు నీళ్ళను శుద్ధి చేస్తయి అని మీరు వినే ఉంటరు. నేను ఆ మాట చెప్పను. నిండు చెరువుల పది ఊళ్ళ పూలు పడ్డా ఏం గాదు, చేపలు తింటయి, కొంత మన్నైతది. కానీ పట్నంల చిన్న కుంటల వేల బతుకమ్మలు ఒక్క రాత్రి పడితే పూలు కుళ్ళుతయి, కుళ్ళుడుకు నీళ్ళల్ల ఉన్న ప్రాణవాయువు ఖర్చైతది, చేపలు పైకి తేలుతయి. దానికి తోడు రసాయన రంగు, థర్మకోల్, నైలాన్ దారం. అందుకే చిన్న కుంట అయితే తెల్లారంగనే పూలు వలతోని తీయించి ఎరువు గుంతల వెయ్యండ్రి. దేవతకు అవమానం గాదు. ఆమె వచ్చిందే చెల్కల నుంచి, చెల్కకే పోతది.

2014లో రాష్ట్ర పండుగ చేసిన్రు. 2017 నుంచి కొన్నేండ్లు బతుకమ్మ చీరెలు పంచిన్రు. సిరిసిల్ల మరమగ్గాలకు పని దొరికింది, అది చిన్న విషయం గాదు. చీరె నాణ్యత మీద మాటలొచ్చినయి, అది గూడ చిన్న విషయం గాదు. స్టేడియాలల్ల రికార్డుల కోసం ఆడించుడు గూడ వచ్చింది. 2025లో సరూర్‌నగర్ స్టేడియంల అరవై అడుగులు దాటిన బతుకమ్మ పెట్టిన్రు. ఫొటోకు బాగుంటది, ప్రపంచానికి పేరు తెలుస్తది, ఒప్పుకుంట. కానీ అంత ఎత్తుకు ఇనుప చట్రం కావాలె, క్రేన్ కావాలె. ఒక ఆడమనిషి నెత్తి మీద ఎత్తుకొని చెరువు దాక నడిచేదాన్నే నేను బతుకమ్మ అంట. ఆ కొలత మనిషి మెడ ఇచ్చిన కొలత. ఎన్ని అడుగులైంది అని అడిగే బదులు, మన వీధిల ఎన్ని పళ్ళాలు లేచినయి అని అడిగితే బాగుంటది.

విదేశాలకు పోయే పిల్లలు కొందరున్నరు ఇక్కడ. అక్కడ తంగేడు దొరకదు. దొరకలేదని ప్లాస్టిక్ పూలు అతికించొద్దు. బంతి, చామంతి దొరుకుతయి, అవి బరువు పూలు కాబట్టి బతుకమ్మ వెడల్పుగ, పొట్టిగ చెయ్యండ్రి. గునుగు చుట్టమే అయిన కుచ్చుపూల మొక్కలు, సెలోసియా పేరుతోని నర్సరీలల్ల ఎండకాలం అమ్ముతరు, కుండీల పెంచుకోవచ్చు. ఇక్కడి నుంచి ఎండు గునుగు పెట్టెల పెట్టుకొని పోకండ్రి. అందులో గింజలుంటయి. ఆస్ట్రేలియా లాంటి దేశాలల్ల విమానాశ్రయంలనే తీసుకుంటరు, జరిమానా గూడ పడొచ్చు. సరస్సుల వదిలే ముందు అక్కడి మున్సిపాలిటీ అనుమతి అడగాలె. ఇయ్యకపోతే పెద్ద టబ్బుల నీళ్ళు పోసి వదిలి, ఆ పూలు తోటల వెయ్యండ్రి.

చివరగ ఒక పని చెప్పి దిగిపోత. సద్దుల బతుకమ్మ అయిపోయినంక గునుగును మరిచిపోతం. చెల్కల మిగిలిన గునుగు కార్తీకం దాక నిలబడి ఎండుతది. ఎండిన పువ్వును కాగితం మీద దులిపితే నల్లగ, మెరిసే సన్నటి గింజలు రాలుతయి. పది పూలు దులిపినా మస్తు గింజలొస్తయి. బట్ట సంచిల కట్టి పొడి జాగల పెట్టండ్రి. వచ్చే ఏడాది మిరుగు (మృగశిర కార్తె) పడి, తొలి వానలకు నేల మెత్తబడంగనే బడి గోడ వెంబడి, చెరువు కట్ట కింద, గట్ల మీద చల్లండ్రి. గింజ సన్నది, కాబట్టి రెండు పిడికిళ్ళ ఇసుకల కలిపి చల్లాలె, లేకపోతే ఒక్క దగ్గరనే పడ్తది. మన్ను మందంగ కప్పొద్దు, చీపురు కొసతోని పైపైన అంటే చాలు. మొలకెత్తినంక ఒత్తుగ ఉంటే జానెడుకొకటి ఉంచి మిగతావి పీకి కూరొండుకోండ్రి. మూడు నెలలల్ల పూతకొస్తది, పెత్రమాసకు సరిపోతది. ఈ గ్రంథాలయం ఎనక కంప మొలిచిన జాగ ఉంది. గింజలు తెస్తమని ఎవరైనా అంటే, పేర్లు అక్కడ బల్ల మీది రిజిస్టర్ల రాయండ్రి.